కాదన్న గడపలు

అనగనగా ఒక పట్నం. చెప్పేవాళ్ళు చెప్పగా, వినేవాళ్ళు వినగా, ఇంకా చెదిరిపోకుండా నిలిచి ఉన్న పట్నం. దాని పేరు మణిమేడ. చుట్టూ కోటగోడ, ఆ గోడకు నాలుగు ద్వారాలు. లోపల ఉన్నవి మూడే పెద్ద వీధులు గాని, ఒక్కో వీధికీ సందులు, సందులకు మళ్ళీ గొందులు.

ఒకనాటి ఉదయం ఆ పట్నానికి ఒక ఎడ్లబండి వచ్చింది. బండిలో గడ్డి పరిచి ఉంది. గడ్డి మీద పోలయ్య అనే మనిషి మూలుగుతూ పడుకున్నాడు. తాటాకుల కోసం తాటిచెట్టెక్కి, పట్టు జారి, కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు పాపం. బండి పక్కనే నడుచుకుంటూ వచ్చింది అతని భార్య నాంచారి.

మణిమేడలో విరిగిన ఎముకలు అతికే వైద్యుడున్నాడు. ఆయన పోలయ్య కాలు తడిమి చూశాడు. ఆకుపసరు రాసి, వెదురుబద్దలు వేసి, కట్టు కట్టాడు.

"ప్రతి ఆదివారం ఈ కట్టు విప్పి మళ్ళీ కట్టాలి," అన్నాడు. "కార్తికం వెళ్ళేదాకా ఇతణ్ణి పట్నం దాటించకు. మధ్యలో బండెక్కించి కుదిపావో, ఎముక వంకరగా అతుక్కుంటుంది. ఇక చెట్టు కాదు గదా, గట్టు కూడా ఎక్కలేడు."

నాంచారి తల ఊపింది. భర్తను సత్రానికి చేర్చింది. సత్రం పెద్ద మంచివాడే. చాప వేయించాడు, అన్నం పెట్టించాడు. తరువాత మెల్లగా అసలు మాట చెప్పాడు.

"అమ్మా, ఇది ఈ పట్నం కట్టుబాటు. పరదేశులకు పౌర్ణమి దాకా చోటూ, కూడూ ఇస్తాం. ఆలోగా పని దొరికితే పట్నంలో ఉండొచ్చు. దొరక్కపోతే, పౌర్ణమి నాడు పొద్దు గుంకే వేళకు ద్వారం దాటి వెళ్ళిపోవాలి. నేను పెట్టిన కట్టుబాటు కాదు, నేను తీసెయ్యలేను."

అప్పటికి అమావాస్య వెళ్ళిన మర్నాడు. పోలయ్య కాలు నిలవాలంటే నాంచారికి పని దొరకాలి. అంతే సంగతి.

నాంచారికి బాగా చేతనైన పని ఒకటుంది. వాళ్ళ పల్లెలో ఎవరింట పెళ్ళయినా, సీమంతమైనా, బారసాలైనా, కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పేరంటానికి పిలిచేది ఆమే. అది తేలిక పని అనుకునేరు. గడప దగ్గర నిలబడి, ముందు ఆ ఇంటి పెద్దావిడను పేరుపెట్టి మర్యాదగా పిలవాలి. ఆ తరువాతే కోడళ్ళు, ఆ తరువాతే ఆడపిల్లలు. వరస తప్పిందా, ఆ ఇంటి నుంచి ఒక్కరు కూడా రారు. రాకపోవడంతో పోతుందా? మనవలకు పెళ్ళిళ్ళయ్యేదాకా ఆ మాట చెప్పుకుంటూనే ఉంటారు.

మణిమేడలో ఆ పని చేసే ఆవిడ పేరు పేరిందేవమ్మ. తల ముగ్గుబుట్టలా నెరిసింది. నాంచారి వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఎవరే నువ్వు?"

"నాంచారినమ్మా. పిలుపుల పని వచ్చు. మీ చేతి కింద చేరదామని వచ్చాను."

"ఈ ఊరి గడపలు తెలుసా?"

"నిన్ననే వచ్చానమ్మా."

"అయితే తెలిశాక రా."

"తెలియాలంటే ముందు పిలుపులకు పంపాలి గదమ్మా?"

"పంపాలంటే ముందు తెలియాలి గదే పిల్లా!"

ఆ మాట చేతి గాజులా గుండ్రంగా ఉంది. ఎక్కడ పట్టుకోవాలో నాంచారికి తెలియలేదు.

సరే, పని ఏదైనా పనే అనుకుని, అక్కణ్ణించి ధాన్యం వర్తకుడు కనకంశెట్టి ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో వడ్లు దంచడానికి మనుషులు కావాలని సత్రంలో చెప్పుకున్నారు. శెట్టిగారి భార్య మాణిక్యమ్మ చల్లగా నవ్వింది. మంచినీళ్ళిప్పించింది. "రేపు రామ్మా," అంది.

మర్నాడు వెళ్ళింది. "రేపు రామ్మా." ఆ మర్నాడూ వెళ్ళింది. అదే నవ్వు, అవే మంచినీళ్ళు, అదే రేపు. నాంచారి ఇక ఉండబట్టలేక, "అమ్మా, ఆ రేపు ఏ వారం వస్తుందో చెప్పండి, ఆ వారమే వస్తాను," అంది.

మాణిక్యమ్మ మళ్ళీ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. వాకిలి ఊడుస్తున్న దాసి మాత్రం చీపురు పట్టుకుని పడీపడీ నవ్వింది.

"పిచ్చి తల్లీ! మా అమ్మగారికి లేదనడం మొహమాటం. రేపంటే లేదనే అర్థం. ఈ వీధిలో అందరికీ తెలుసు."

"నేను ఈ వీధిదాన్ని కాదుగా," అని నాంచారి కొంగు దులుపుకుని బయటపడింది.

మూడోది అప్పడాల ఇల్లు. దాని యజమానురాలు బంగారక్క. "చెయ్యి చూడందే ఎవర్నీ పెట్టుకోం," అని పీట ముందు కూర్చోబెట్టింది. నాంచారి చెయ్యి చూపించింది. పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చూపిస్తూనే ఉంది. భుజం లాగేసింది. మేడ మీది చాపలన్నీ అప్పడాలతో నిండాయి. అప్పుడు బంగారక్క ఒక అప్పడాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, "అంచు కాస్త మందం. మాకు కుదరదమ్మా," అంది.

మెట్లు దిగుతుంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురొచ్చారు. "ఇదేనా అక్కా, చెయ్యి చూసేది?" అని అడిగారు.

నాంచారికి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో పనివాళ్ళంటూ ఎవరూ లేరు. పనికోసం వచ్చినవాళ్ళే రోజూ ఆ పని చేసిపోతున్నారు.

"వెనక్కి పోండి చెల్లెళ్ళారా," అంది. "ఇక్కడ మీ చెయ్యి చూస్తారు, ముఖం చూడరు."

ఆ సాయంత్రం సత్రంలో పోలయ్య ఆమె ముఖం చూశాడు.

"ఇవాళ ఎవరు పొమ్మన్నారే?"

"అందరూ."

"పోనీ మన పల్లెకు పోదాం నాంచారీ. కాలు వంకరైతే అయింది. వంకర కాళ్ళతో నడిచేవాళ్ళు లోకంలో లేరా? నీకీ తిరుగుడు తప్పుతుంది."

"నోరు మూసుకుని కాలు తిన్నగా చాపు మావా," అంది నాంచారి. "పొమ్మనే గడపలు ఇంకా ఎన్నున్నాయో అన్నీ చూసే పోతాను."

అన్నట్టే చేసింది. మర్నాటి నుంచి ఈ ఇల్లు, ఆ ఇల్లు అని ఏరుకోలేదు. తూర్పు ద్వారం దగ్గర మొదలుపెట్టి, వరసాగ్గా ప్రతి తలుపూ తట్టింది. సందుల్లోకి దూరింది, గొందుల్లోకి దిగింది. "పనుందా అమ్మా?" అంది. "లేదు," అన్నారు. నడిచింది. ఇంకో తలుపు. "పనుందా అమ్మా?"

అయితే ఒకటి. ఏ ఇల్లయినా ఊరికే లేదనదు. ఏదో ఒకటి చెప్పే లేదంటుంది. "మా అత్త జోగాంబగారికి కొత్తవాళ్ళు గిట్టరు," అని ఒక కోడలంటుంది. "మేమే ఈ గొందిలోకి కొత్తగా వచ్చాం," అని ఇంకొకామె అంటుంది. "పెద్దకోడలికి పురుడు దగ్గరపడింది, నీతో మాట్లాడే తీరిక లేదు," అని మరొకామె. పచ్చ స్తంభాల ఇంట్లోనైతే గుమ్మంలోనే కసిరారు. "ఇవాళ మా అత్తగారి సంవత్సరీకం. పనిమనిషి సంగతి మాట్లాడే రోజేనా ఇది?"

నాంచారి కసుర్లను అక్కడే వదిలేసేది. కబుర్లను మాత్రం వెంట తెచ్చుకునేది. పిలుపులు పిలిచిన చెవులు గదా, అలా అలవాటుపడ్డాయి. సాయంత్రం సత్రంలో పోలయ్యకు అన్నీ అప్పజెప్పేది. అతడు ఒక్కో ఇంటావిడ గొంతు అనుకరించి, కళ్ళు చక్రాల్లా తిప్పి తిట్టేవాడు. పక్క చాపల మీది వాళ్ళు కూడా లేచి కూర్చుని వినేవాళ్ళు.

"చూస్తూ ఉండు," అనేవాడు పోలయ్య. "కాలు అతికేలోగా ఈ ఊరి తిట్లన్నీ నాకు కంఠతా వచ్చేస్తాయి."

చంద్రుడు నిండుకొస్తున్నాడు. పని మాత్రం దొరకలేదు.

అలా ఉండగా పట్నం నడుమ పెద్దరాణి ఉండే కోటలో నగారా మోగింది. యువరాణికి కొడుకు పుట్టాడు. పౌర్ణమి నాడు బిడ్డను ఉయ్యాలలో వేస్తారు. మణిమేడలో ప్రతి ఇంటి ఆడవాళ్ళూ రావాలి. ఏ ఒక్క గడపా తప్పకూడదని పెద్దరాణి ఆజ్ఞ.

నాంచారి పరుగున పేరిందేవమ్మ ఇంటికి వెళ్ళింది.

"అమ్మా, గడపలు తెలిశాక రమ్మన్నారు. వచ్చాను."

"ఏ గడపలు తెలుసే నీకు?"

"నన్ను కాదన్న గడపలన్నీ తెలుసు."

"ఎన్ని కాదన్నాయేమిటి?"

"అన్నీ."

పేరిందేవమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్కనున్న కుంకుమభరిణెను ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"ఇవాళ వెంట వస్తానంటావు. రేపు ఇది నీ చేతిలో ఉంటుంది. ఎల్లుండి నన్ను ఎవరూ పిలవరు. పో పిల్లా, నాకు ఎవరూ అక్కర్లేదు."

నాంచారికి కోపం రావలసిందే. కాని భరిణెను పొదువుకున్న ఆ ముసలి చేతులను చూస్తే రాలేదు. పౌర్ణమి ఇంకెంతో దూరం లేదు. మరి పేరిందేవమ్మ పొమ్మంది గాని, వెనక రావద్దనలేదు గదా! అందుకని ఆమె పిలుపులకు బయలుదేరగానే, నాలుగు బారల వెనకగా నాంచారి కూడా నడిచింది.

మొదటి సందులోనే పేరిందేవమ్మ ఒక గడప ముందు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, పేరు రావడం లేదు. లోపలినుంచి గాజుల చప్పుడు దగ్గరకొస్తోంది.

"జోగాంబగారు," అంది నాంచారి వెనకనుంచి, గాలికి చెప్పినట్టుగా.

పేరిందేవమ్మ గిర్రున తిరిగి, కాల్చేసేలా చూసింది. ఆ పైన గడపవైపు తిరిగి, "జోగాంబగారూ! కోటలో బాలుడి ఉయ్యాల పండుగకు మీరూ, మీ కోడళ్ళూ రావాలి," అని గొంతెత్తి పిలిచింది. తియ్యని గొంతు. అంత తియ్యగా పిలవడం నాంచారి ఎక్కడా వినలేదు.

రెండో వీధి మలుపులో పేరిందేవమ్మ ఒక గొందిని దాటి ముందుకు పోబోయింది.

"అమ్మా, ఇక్కడ కూడా ఇళ్ళున్నాయి," అంది నాంచారి.

"ఇక్కడున్నది గోడే! నా పెళ్ళినాటి నుంచీ గోడే!"

"ఆ గోడ తీసేశారమ్మా. లోపల కొత్తగా ఇళ్ళు లేచాయి. ఒక్కటీ వదలకుండా నన్ను పొమ్మన్నాయి."

పేరిందేవమ్మ తొంగిచూసింది. నిజమే. ఆ గొందంతా పిలిచి వచ్చాక అరుగు మీద చతికిలబడి, భరిణెను నాంచారి చేతిలో పెట్టింది.

"కాళ్ళు లాగుతున్నాయి. ఆ ఎదురింటికి నువ్వెళ్ళు, చూద్దాం."

నాంచారి సంబరంగా వెళ్ళింది. ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. ఇద్దరి పేర్లూ ఆమెకు తెలుసు. ఒకే గడప దగ్గర నిలబడి ఇద్దర్నీ ఒక్కసారే పిలవబోయింది. అంతలో వెనకనుంచి వచ్చి ఎవరో చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే పేరిందేవమ్మ!

"ఓసి వెర్రిదానా! వాళ్ళిద్దరికీ మాటలు లేవు. గిన్నె దగ్గర పుట్టిన గొడవ, గోడదాకా పోయింది. పెద్దదానికి వీధి గుమ్మంలో బొట్టు, చిన్నదానికి పెరటి గుమ్మంలో బొట్టు. ఒక్క చోట పిలిచావంటే ఇద్దరూ రారు."

నాంచారి నాలుక కరుచుకుంది. "నాకు ఒక్క గుమ్మమే తెలుసు పెద్దమ్మా. నన్ను పెరటి గుమ్మం దాకా ఎవరు రానిచ్చారు?"

అప్పుడు ఇద్దరూ కలిసి నవ్వారు. అక్కణ్ణించి పక్కపక్కనే నడిచారు.

ఆఖరి వీధిలో పచ్చ స్తంభాల ఇల్లు వచ్చింది. పేరిందేవమ్మ ముఖం విప్పారింది.

"ఈ ఇంట్లో నువ్వు నాకేమీ అందించక్కర్లేదు. ఇది నా సీతాలు ఇల్లు. ఇద్దరం ఒకే ఏడు కాపురానికొచ్చాం. దీని పేరు మరిచేనాడు నా పేరే మరిచిపోతాను," అని గడప దగ్గర నిలబడి గొంతెత్తబోయింది.

నాంచారికి మొన్న ఈ గుమ్మంలోనే విన్న సంవత్సరీకం మాట గుర్తొచ్చింది. శుభకార్యానికి పిలుస్తూ, పోయినవాళ్ళ పేరు గడపలో పిలిస్తే ఇంకేముంది! ఆ ఇంటివాళ్ళు క్షమించరు. కోటవాళ్ళూ క్షమించరు. తను ఊరుకుంటే చాలు. ఈ ఒక్క గడపతో పేరిందేవమ్మ పని ముగుస్తుంది, ఆ పని నాంచారికే వస్తుంది.

ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. కాని అది పూర్తయ్యేలోగానే నాంచారి చెయ్యి ముసలావిడ భుజం మీద పడింది.

"ఆగండి పెద్దమ్మా. సీతాలుగారి సంవత్సరీకం మొన్ననే జరిగింది. ఇప్పుడు ఈ ఇంటి పెద్దావిడ కోడలు రత్తమ్మగారు."

పేరిందేవమ్మ చెయ్యి చాచి పక్కనున్న స్తంభం పట్టుకుంది.

"వచ్చాను గదే," అంది మెల్లగా. "దాని చివరి రోజున వచ్చాను. ఇక్కడే, ఈ స్తంభం పట్టుకుని ఏడ్చాను గదే. ఎలా మరిచానే తల్లీ?"

నాంచారి ఆమె భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి పేరిందేవమ్మ కళ్ళు తుడుచుకుంది, గొంతు సవరించుకుంది. "రత్తమ్మగారూ!" అని పిలిచింది. రత్తమ్మ నవ్వుతూ బయటికి వచ్చి బొట్టు పెట్టించుకుంది.

పౌర్ణమి వచ్చింది. కోట ముంగిలి ఆడవాళ్ళతో నిండిపోయింది. తోడికోడళ్ళిద్దరూ వచ్చారు, చెరో మూలన కూర్చున్నారు. కొత్త గొందివాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ అలగలేదు, ఎవరూ మానలేదు. బిడ్డను ఉయ్యాలలో వేశారు, పాటలు పాడారు.

పాటలు అయ్యాక పెద్దరాణి ఇద్దర్నీ దగ్గరకు పిలిపించింది.

"పేరిందేవీ, వీధుల్లో నీ వెంట ఒక పరదేశి నడిచిందనీ, పేర్లు ఆవిడే అందించిందనీ విన్నాను. ఈమేనా?" అని నాంచారి వైపు తిరిగింది. "నిజం చెప్పమ్మా. ఈవిడ మరిచిపోతోందా? అవునంటే ఈ క్షణం నుంచి పిలుపుల పని నీది."

పేరిందేవమ్మ తల వంచుకుంది. ముంగిలిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

నాంచారి కళ్ళముందు సత్రం మెదిలింది. పొద్దు కోటగోడ వెనక్కి దిగుతోంది. అక్కడ ఈపాటికి బండికి ఎడ్లను కడుతూ ఉంటారు. ఒక్క మాట చాలు. అవునంటే చాలు.

"అవునమ్మా, మరిచిపోతోంది," అంది నాంచారి. పేరిందేవమ్మ కళ్ళు మూసుకుంది.

"కాని నా మాట ఇంకా అయిపోలేదు తల్లీ. పెద్దమ్మకు పేర్లు జారుతున్నాయి, మర్యాదలు జారలేదు. నాకు పేర్లు తెలుసు, మర్యాదలు తెలియవు. ఆ మూలన ఒకరు, ఈ మూలన ఒకరు కూర్చున్న ఆ తోడికోడళ్ళను నేను ఒక్క గుమ్మంలోనే పిలవబోయాను. ఈవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను ఒక్కదాన్నే పెట్టారంటే, వచ్చే పండుగకు మీ ముంగిలి సగం ఖాళీ."

తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, చటుక్కున చూపులు తిప్పుకున్నారు. ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు.

పెద్దరాణి నవ్వాపుకుంటూ, "నీకు పని అక్కర్లేదా ఏమిటి?" అంది.

"అక్కర్లేకపోవడమేమిటమ్మా! ఈ పొద్దు గుంకేలోగా పని దొరక్కపోతే నా మొగుడి కాలు వంకరపోతుంది. అయినా తెలియని పని తెలుసునని పుచ్చుకుంటే, రేపు మొదటి గడపలోనే పట్టుబడతాను. అప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఈ ఊళ్ళో తిరగను?"

పెద్దరాణి కాసేపు ఆమెనే చూసింది. తరువాత పేరిందేవమ్మను చూసింది.

"ఇంతకాలం మణిమేడకు ఒక్క పిలుపులమ్మే ఉంది," అంది. "ఇకనుంచి ఇద్దరు. ఇద్దరూ కలిసే నడవాలి. కోట వెనక వసారా గదిలో ఈ పరదేశి, ఆమె భర్త ఉండొచ్చు. వెళ్ళమ్మా, ముందు ఆ కాలు సంగతి చూడు."

నాంచారి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. సత్రం ముందు బండి సిద్ధంగా ఉంది. పోలయ్యను ఎత్తడానికి ఇద్దరు మనుషులు వంగారు.

"ఎత్తకండి! ఎత్తకండి!" అని అరిచింది వీధి మలుపులోంచే.

సత్రం పెద్ద చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. "పని దొరికిందా అమ్మా?"

"దొరికింది బాబూ."

పోలయ్య మోచేతుల మీద లేచి, "ఈ ఊళ్ళో నిన్ను కాదననివాళ్ళు కూడా ఉన్నారుటే?" అన్నాడు. అని ముఖం అటు తిప్పుకుని, పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కార్తికం వెళ్ళింది. కట్టు విప్పారు. పోలయ్య మొదట గోడ పట్టుకుని, తరువాత కర్ర పట్టుకుని, తరువాత ఏమీ పట్టుకోకుండా తిన్నగా నడిచాడు. పేరిందేవమ్మ, నాంచారి చాలా ఏళ్ళు ఆ వీధుల్లో కలిసి తిరిగారు. ఒకరు పేరు మరిస్తే ఇంకొకరు అందించేవారు. ఒకరు వరస తప్పితే ఇంకొకరు చెయ్యి పట్టుకునేవారు. మణిమేడలో పిలుపు అందని గడప లేదు.

కాబట్టి పిల్లలూ, కాదన్న గడపలో కూడా కళ్ళూ చెవులూ తెరిచి నిలబడ్డవాళ్ళకు తిరిగిన తిరుగుడు వృథా పోదు. తనకు తెలిసినదాన్నీ, తెలియనిదాన్నీ ఉన్నదున్నట్టు చెప్పే మనిషికి ఎంత కొత్త ఊళ్ళోనైనా ఒక తలుపు తెరుచుకుంటుంది.